తూకమునకు అందని ఉక్కు

సికిందరాబాదు రాణీగంజులో, గొట్టములును బేరింగులును బోల్టులును అమ్ము దుకాణముల వెనుకనున్న యొక సందులో, పాతసామాను కొనువాని కొట్టుముందు గడచిన మాసమున నేను నిలిచియుండగా, ఒక అపార్టుమెంటు కావలివాడు ట్రాలీ ఆటోలో నాలుగు పాత సైకిళ్ళను తెచ్చి దింపెను. మూడింటి సంగతి చెప్పవలసినది లేదు. నాలుగవది చక్రములు లేక, దుమ్ము కమ్మి, సాలెగూళ్ళు పట్టియున్న పర్వతసైకిలు ఫ్రేము. సీటు క్రింది గొట్టముపై సగము చిరిగిన చీటీ యొకటి కలదు. తడిగుడ్డతో తుడువగా 'టాంగే' అను జపాను గొట్టముల పేరును, దాని క్రింద 'క్రోమోలి' అను మాటయు కానవచ్చినవి. ముప్పది యేండ్ల క్రిందట ఎవరో అమెరికానుండి తిరిగివచ్చుచు ఇంటిసామానుతో పాటు ముచ్చటపడి తెచ్చుకొన్నది కాబోలు. కొట్టువాడు దానిని కాటాపై వేసి, "ఏముంది సార్ దాంట్ల, పాత ఇనుమే గద, కిలో లెక్కనే" అనెను. రెండున్నర కిలోలు తూగినది. ఆ వెలకు మరికొంత చేర్చి నేనే కొంటిని. మన అపార్టుమెంట్ల సెల్లారులలో ఇట్టి ఫ్రేము లింకెన్ని యున్నవో గాని, వానిని తూకమునకు వేయుట మానవలెననియు, వానిని బాగుచేయు చేతిపనిని ఈ ఊరు నిలుపుకొనవలెననియు నేను కోరుచున్నాను.

ఇనుములో ఇంత విశేషమేమని అడుగువారికి ఆ రెండున్నర కిలోలలో ఏమున్నదో చెప్పవలసియున్నది. క్రోమోలి యనగా నూటికి తొంబదియేడు పాళ్ళకు పైగా ఇనుమే. అందు కర్బనము 0.3 పాలు, క్రోమియము ఇంచుమించు 1 పాలు, మాలిబ్డినము 0.2 పాలు, మాంగనీసు మొదలగునవి మరికొంత. ఈ చిటికెడు చేర్పువలన ఉక్కు తేలికయగునని చాలమంది తలంతురు, అది పొరపాటు. సామాన్యపు ఉక్కునకును దీనికిని సాంద్రత యొకటే. బరువు మోపినపుడు వంగుటలోని బిగువుకూడ రెండింటికి నించుమించు సమానమే. పెరుగునది బలము, అనగా, వంగినది మరల తన రూపునకు రాగల హద్దు. ఆ హద్దు పెరిగినందువలన పనివాడు గొట్టపు గోడను పలుచన చేయగలడు. గోడ పలుచనైనందువలన ఫ్రేము తేలికయగును. ఆ పలుచన చేయుటలో నొక నేర్పు కలదు. గొట్టములు కలిసెడి చోట్లనే శ్రమ హెచ్చు, అతుకు వేయునప్పటి వేడిమియు అక్కడనే తగులును. కావున చివరలు 0.9 మిల్లీమీటర్ల మందమున నుంచి, నడుమ 0.6కు దించుదురు. పైనుండి చూచువానికి ఈ భేదమేమియు తెలియదు, గొట్టము లోపలనే అది దాగియుండును. బర్మింగుహాములో మేకులు చేయు కుటుంబమునకు చెందిన రేనాల్డ్సు ఇట్టి గొట్టమునకు 1897లో పేటెంటు పొందెను. 1935లో ఆయన పేరిటి సంస్థయే మాంగనీసు, మాలిబ్డినము చేర్చిన '531' అను గొట్టమును వెలువరించెను. ఇంటనున్న పాతసైకిలు ఏ జాతిదో తెలిసికొన గోరువారు సీటుపోస్టును బయటికి లాగి దాని వ్యాసమును కొలిచినచో చాలు. వెలుపలి గొట్టము 28.6 మిల్లీమీటర్లుండి, పోస్టు 27 దాటియున్నచో గోడ పలుచనిది, ఉక్కు మేలైనది, 25.4 ఉన్నచో గోడ మందము, ఉక్కు సామాన్యము.

పర్వతసైకిలు పుట్టుక మనకు దూరదేశపు కథ గనుక క్లుప్తముగ చెప్పెదను. కాలిఫోర్నియాలో టామల్‌పాయిస్ కొండ వాలులపై 1970 దశకమున కొందరు యువకులు ముప్పదులనాటి బరువైన సైకిళ్ళతో పందెములాడి, అవి విరుగుచుండుట చూచి విసిగిరి. 1977లో జో బ్రీజు అను నాతడు విమానముల చట్రములకు వాడెడి క్రోమోలి గొట్టములతో ఆ వాలులకే తగిన ఫ్రేమును నిర్మించెను. తరువాతి రెండు దశాబ్దములు ఆ గొట్టములదే రాజ్యము. పిమ్మట అల్యూమినియము వచ్చి వానిని ప్రక్కకు నెట్టినది. మన వీధులలో తొంభయ్యవ దశకమున పిల్లలు పోరుపెట్టి కొనిపించుకొన్న హీరో రేంజరు, హెర్క్యులీసు ఎం.టి.బి. వంటివి వెల అందుబాటులో నుండవలెను గనుక సామాన్యపు ఉక్కుతోనే వచ్చినవి. వానిని నేను చులకన చేయను. మారేడుపల్లినుండి మౌలాలి గుట్టదాక ఎండలో త్రొక్కుకొని పోయిన ఒక తరము పిల్లలకు అవియే పర్వతసైకిళ్ళు. వానికిని అతుకు వేయవచ్చును, వానికిని నేడు తూకమే గతియగుచున్నది.

ఉక్కులో చిటికెడు మరియొకటి కలిపి దాని గుణమును మార్చవచ్చునను ఊహ తెలుగుదేశమునకు పరాయిది కాదు. అందుచేతనే ఈ నిర్లక్ష్యము నన్ను మరింత బాధించుచున్నది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రములో కమ్మరులు రెండు వేర్వేరు తావుల ఇనుములను తగిన పాళ్ళలో కలిపి, మట్టిమూసలో మూసి, రేయింబవళ్ళు తిత్తులూది, ఉక్కుబిళ్ళలు తీసెడివారు. లాంబ్టను నడిపిన భారతదేశపు త్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను భూగర్భశాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము ఆయన మరణానంతరము 1832లో అచ్చయినది. ఆ ఉక్కు కొనుటకై పారశీకదేశపు ఇస్ఫహానునుండి వచ్చి కూర్చున్న వర్తకుని గూర్చియు అందు వ్రాసినాడు. అంతదూరము వచ్చిన ఆ వర్తకుడుకూడ ఉక్కును తూచియే కొనియుండును. కాని బిళ్ళ గుణమును పరీక్షించిన తరువాతనే తూచియుండును. ఇట్టి భారతీయ ఉక్కు లండను చేరి, స్టోడార్టు అను కత్తుల పనివాని చేతిలో పడినది. ఆతనితో కలిసి మైకేలు ఫారడే 1819 మొదలుకొని దాని మర్మమును వెదకి, అందు అల్యూమినియము కలదని భ్రమపడి, ఆ వెదుకులాటలోనే వెండి, ప్లాటినము మున్నగు లోహములను ఉక్కుతో కలిపి చూచి, 1820, 1822 సంవత్సరములలో మిశ్రమ ఉక్కులపై పత్రములు ప్రకటించెను. మిశ్రమ ఉక్కుల శాస్త్రీయ పరిశోధనకు తొలిమెట్లలో నొకటి మన ఉక్కుబిళ్ళపై మోపినదే.

మరల నా ఫ్రేము కడకు వచ్చెదను. ఇంటికి తెచ్చి కడిగి చూడగా, వెనుక చక్రము బిగించు కొసకు దగ్గర, చైను ప్రక్కనున్న సన్నగొట్టముపై, వెండ్రుకవంటి గీత యొకటి కానవచ్చినది. రంగు పగులో ఉక్కు పగులో తేలలేదు. లాలాగూడ రైల్వే కార్ఖానాలో చాలయేండ్లు పనిచేసి, ఇప్పుడు ఇంటి వరండాలోనే గ్యాసు వెల్డింగు చేసికొనుచున్న యొక పెద్దాయన కడకు తీసికొనిపోయితిని. ఆయన ఆకురాయితో రంగు గీకి, గోటితో తడిమి, "పగులే నాయనా, కానీ లోపలి కింకా పోలె" అనెను. పగులు కొసన సూదిమొనంత రంధ్రము వేసెను, అది ఇంకను ప్రాకకుండుటకు. పిదప మంటను మెత్తగా పెట్టి, గొట్టము మందారపు టెరుపునకు వచ్చుచుండగనే ఇత్తడి కడ్డీని తాకించెను. కడ్డీ కరగి, పగులులోనికి నీరువలె తానే ఇంకిపోయినది. "ఇంతకన్న కాల్చినమంటే గొట్టం చచ్చిపోతది" అని మంటను వెంటనే తప్పించెను. పలుచని క్రోమోలిని హద్దుమీరి కాల్చినచో దాని బలము సడలునని పుస్తకములు పుటలకొలది చెప్పు సంగతిని ఆయన రంగును చూచి గ్రహించినాడు. అరగంటలో పని ముగిసినది. అల్యూమినియపు ఫ్రేమునకు ఇట్టి పగులు వచ్చినచో వరండాలో బాగుపడదు: అతుకు వేసిన పిదప కొలిమిలో మరల పదను పెట్టినగాని దాని బలము తిరిగిరాదు. అంతియే గాక, ఒక హద్దునకు లోబడిన శ్రమను ఉక్కు లెక్కలేనన్ని మారులు ఓర్చుకొనగలదు. అల్యూమినియమున కట్టి హద్దు లేదు, ఎంత చిన్న శ్రమయైనను కూడుచునే పోవును.

ఆ పెద్దాయనకు శిష్యులు లేరు. అడుగగా, "ఎవరొస్తరు నాయనా, అందరికీ ఏసీ కొట్లు గావాలె" అనెను. మన ఐ.టి.ఐ.లలో వెల్డరు తరగతి కలదు. అందు పలుచని ఉక్కు గొట్టమును ఇత్తడితోను వెండితోను అతుకుటకు కొన్ని వారములు కేటాయించి, పాత ఫ్రేములనే అభ్యాసమునకు ఇచ్చినచో, ఖర్చు స్వల్పము, పని శాశ్వతము. సైకిళ్ళు చేయువారు ప్రతి ఫ్రేముపైనను ఏ ఉక్కో, గోడ మందమెంతో ముద్రింపవలెను. వేలకు వేలు పోసి కొనువానికి ఆ రెండు సంగతులు తెలిసికొను హక్కు లేదా? ఇక గొట్టముల మాట. మౌలాలి చేరువనున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు 1971లో ఏర్పడి, రియాక్టర్లకు వలసిన అతుకులేని గొట్టములను తీయుచున్నది. 1973లో స్థాపితమైన మిశ్రధాతు నిగము కంచన్‌బాగులో రాకెట్లకు వలయు ఉక్కును పోతపోయుచున్నది. ఇంత నేర్పు గల జంటనగరములలో ఒక సైకిలునకు కావలసిన ఎనిమిది తొమ్మిది పలుచని గొట్టములు ఎవరును తీయకుండుట నాకు కొరతగానే తోచుచున్నది. ఔటరు రింగురోడ్డు వెంట 2023లో సూర్యఫలకముల నీడన 23 కిలోమీటర్ల సైకిలుబాట వేసికొన్నాము. దానిపై పోవు సైకిళ్ళ ఎముకలు ఎక్కడివని ఎవరైన అడుగవలదా?

అతుకు వేయించిన ఫ్రేమునకు చక్రములు కూర్చి, వానకాలము రాకముందే గొట్టముల లోపల నూనె పోసి త్రిప్పి, రంగు వేయక అట్లే ఉంచితిని. ఇత్తడి చుక్క చైను ప్రక్కన పసుపుగా మెరయుచున్నది. మా మేనకోడలు దానిపై తిరుమలగిరివైపు ప్రతి ఉదయము పోయి వచ్చుచున్నది. ఒకనాడు ఆ రాణీగంజు కొట్టువానికి దానిని చూపి, గోటితో మీటి, పలుచని గొట్టము మ్రోగు తీరును వినిపించితిని. ఆతడు తానును రెండుమూడు మారులు మీటి చూచెను. నిన్న సాయంకాలము ఫోను చేసి, "సార్, ఇంకోటొచ్చింది. చీటీ లేదు గానీ కొడితే మోగుతుంది. కాటా మీద పెట్టలె, పక్కకు పెట్టిన, వస్తరా?" అనెను.