కాదన్నవాళ్లు కారణం కూడా చెప్పాలి

పోయిన నెల మన గోడ పత్రికకి ఇరవైమూడు రచనలు వచ్చాయి. బోర్డు మీద పట్టేది పన్నెండు. ఏవి పెట్టాలో చూసే నలుగురిలో నేనూ ఒకదాన్ని. ఒక ఫస్టియర్ అమ్మాయి వాళ్ల అవ్వ గురించి రాసిన రెండు పేజీల మీద పెన్సిల్‌తో "నిబంధనలకు సరిపోలేదు" అని రాసి పక్కన పెట్టింది నేనే. ఆ రెండు మాటల గురించే ఈ వ్యాసం. కానీ ముందు ఒక ఆట గురించి చెప్పాలి, ఎందుకంటే నా తప్పు నాకు తెలిసింది ఆ ఆట వల్లే.

ఆట పేరు జియోకాషింగ్. మా పెద్దనాన్న కొడుకు అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పాడు. ఒకరు ఒక చిన్న డబ్బాని ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్లు జీపీఎస్ పట్టుకుని వెతుకుతారు. దొరికితే అందులోని కాగితం మీద పేరు రాసి, డబ్బాని మళ్లీ అక్కడే పెట్టి వస్తారు. అంతే. బహుమతి లేదు, డబ్బు లేదు. అన్నా నేనూ చెన్నైలో ఒకదాని కోసం గంటన్నర ఎండలో తిరిగాం, దొరకలేదు. "ఇంత దూరం వచ్చి డబ్బా కోసమా?" అని అమ్మ తమిళంలో తిట్టింది, నాన్న తెలుగులో నవ్వాడు.

నాకు ఆట కన్నా దాని వెనక ఉన్న ఏర్పాటు నచ్చింది. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్‌లో కావాలని పెట్టిన తప్పుని తీసేసింది. దాంతో మామూలు జనం చేతిలోని పరికరాలు కూడా చోటుని చాలా దగ్గరగా చూపించడం మొదలుపెట్టాయి. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్‌ని సగం నేలలో పూడ్చి, ఆ చోటు ఎక్కడో అందరికీ చెప్పాడు. ఆ సెప్టెంబర్‌లోనే జెరెమీ ఐరిష్ ఈ ఆట కోసం ఒక వెబ్‌సైట్ పెట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతటా డబ్బాలున్నాయి. కొత్త డబ్బా వివరాలు అందరికీ కనపడాలంటే ముందు ఒక రివ్యూయర్ చూసి ఒప్పుకోవాలి. ఈ రివ్యూయర్లు జీతం తీసుకునే ఉద్యోగులు కారు. ఆటలో అనుభవం ఉన్న వాలంటీర్లు.

వాళ్లు డబ్బా దగ్గరికి వెళ్లి చూడరు. మ్యాప్ చూస్తారు, దాచినవాళ్లు రాసిన వివరం చదువుతారు. స్థలం వాళ్ల అనుమతి ఉందా? గొయ్యి తవ్వి పూడ్చారా? వ్యాపార ప్రకటనలా ఉందా? మతమో రాజకీయమో ప్రచారం చేస్తోందా? ఇంకో డబ్బాకి 161 మీటర్ల లోపల ఉందా? ఇలాంటివి చూస్తారు. డబ్బా సరదాగా ఉందా, బోరుగా ఉందా అన్నది వాళ్ల పని కాదు. ఈ చివరి మాట దగ్గరే నేను ఆగిపోయా.

ఎందుకంటే ఒకప్పుడు అదీ వాళ్ల మీదే పెట్టారు. డబ్బా లేకుండా చోటు మాత్రమే చూపించే వర్చువల్ రకానికి, చూసినవాళ్లు "వావ్" అనాలి అన్నది ఒక కొలతగా ఉండేది. ఒకరికి వావ్ అనిపించింది ఇంకొకరికి అనిపించదు కదా. దాని మీద తగాదాలొచ్చాయి. 2005 నాటికి కొత్త వర్చువల్స్ తీసుకోవడమే ఆపేశారు. రుచిని రూలు అని పిలిస్తే ఇలాగే అవుతుంది.

రూలుకి కారణం ఉంటుంది. 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్‌బీ పట్టణంలో ఒక వీధిలో దాచిన డబ్బాని చూసి బాంబు అనుకున్నారు. నిపుణులొచ్చి దాన్ని పేల్చేశారు. తీరా అది ఉత్త ఆట డబ్బా. అనుమతి రూలు ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది. 161 మీటర్లు అంటే మైలులో పదో వంతు, అంతకు మించి మహిమేం లేదు. ఒకదాని కోసం వెతికేవాళ్లకి ఇంకొకటి దొరికి గందరగోళం కాకూడదనీ, ఒకేచోట డబ్బాలు గుమిగూడకూడదనీ. ఇంకో తమాషా చూడండి. ఉల్మర్ బకెట్ సగం పూడ్చి ఉంది, అందులో తినే బీన్స్ డబ్బా కూడా ఉంది. ఈనాటి రూల్స్ ప్రకారం మామూలుగా రెండూ కుదరవు. అంటే ఆటకి మూలమైన మొదటి డబ్బానే ఈరోజు రివ్యూయర్ ఒప్పుకోడు! రూల్స్ ఆకాశం నుంచి పడలేదు, ఆడుతూ ఆడుతూ నేర్చుకున్నవి.

"పక్క ఊళ్లో అలాంటిది ఒప్పుకున్నారు, నాది ఎందుకు ఒప్పుకోరు?" అని అడిగేవాళ్లు ఉంటారు. దానికి ఆటలో తయారుగా ఒక జవాబుంది: ముందు ఒప్పుకున్నది తర్వాతదానికి ఆధారం కాదు. ఇది నాకు సగమే నచ్చింది. నిన్న జరిగిన పొరపాటుని రేపు కూడా చేయనక్కర్లేదు, నిజమే. కానీ ఇదే మాట వెనక దాక్కుని ఇష్టం వచ్చినట్టు చేయొచ్చు కూడా. అలా కాకుండా ఆపేది ఒక్కటే, కారణం చెప్పడం. రివ్యూయర్ ఊరికే "వద్దు" అని వదిలేయకూడదు. ఏ రూలు అడ్డొచ్చిందో రాయాలి, ఏం మారిస్తే సరిపోతుందో చెప్పాలి. అయినా ఒప్పుకోనివాళ్లు పైన ఉన్న ఆఫీసుకి అప్పీలు చేసుకోవచ్చు.

అన్నీ చెప్పలేని సందర్భం కూడా ఉంటుంది. పజిల్ విప్పితేనే చోటు తెలిసే డబ్బాలున్నాయి. మీ డబ్బా అలాంటిదాని పక్కన పడిందనుకోండి. అది ఎక్కడుందో రివ్యూయర్ బయట పెడితే పజిల్ చచ్చిపోతుంది. అప్పుడు కూడా "దూరం సరిపోలేదు, వేరే చోటు చూడండి" అనైనా చెప్పొచ్చు. అంటే రహస్యం దాచుకుంటూ కూడా కారణం చెప్పొచ్చన్నమాట.

"ఊరికే చేసేవాళ్లని ఇన్ని అడగడం న్యాయమా?" అంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నా. క్లాసులు, ఇంటర్నల్స్, బస్సు, వీటి మధ్య మేం ఇరవైమూడు రచనలు చదివాం, ఎవరూ మాకు టీ కూడా ఇవ్వలేదు. కానీ జీతం లేకపోతే అధికారం తగ్గుతుందా? నా పెన్సిల్ ఆ అమ్మాయి పేజీల్ని ఆపింది కదా. ఆపే అధికారం ఉన్నప్పుడు జవాబు చెప్పే బాధ్యత కూడా ఉంటుంది. ఉచితంగా చేస్తున్నాం అన్నది మన అలసటకి కారణం, మన మౌనానికి కాదు.

ఇంతకీ ఆ అమ్మాయి రచనలో తప్పేంటి? మన నాలుగో నిబంధన "ఇతర భాషా పదాలు కలపరాదు" అంటుంది. వాళ్లవ్వ మాటల్లో "జన్నల్ మూసెయ్యే", "పొరుమైగా తిను" అని ఉంది. నేను లెక్కపెట్టి తమిళం కలిసింది అన్నా. ఆ రూలు ఎందుకు పెట్టామో గుర్తుందా? రెండేళ్ల కింద కొందరు ఫోన్‌లోంచి ఇంగ్లీషు పేరాలు యథాతథంగా దింపి ఇస్తుంటే, దాన్ని ఆపడానికి సీనియర్లు పెట్టింది. అవ్వ నోటి మాటకీ దానికీ సంబంధమే లేదు. తరతరాలుగా ఇక్కడ ఉన్న మన ఇళ్లల్లో తెలుగు ఇలాగే ఉంటుంది. మా ఇంట్లో అయితే ఒక వాక్యం తెలుగులో మొదలై తమిళంలో ముగుస్తుంది. అవ్వ చేత గ్రాంథికం మాట్లాడిస్తే ఆమె వాళ్లవ్వ ఎలా అవుతుంది? నేను రూలు అక్షరం చూశా, అది ఎందుకుందో చూడలేదు.

ఆ అమ్మాయిని క్యాంటీన్ దగ్గర కలిసి అడిగా. "పర్వాలేదక్కా, నా తెలుగు సరిగా లేదని నాకు తెలుసు" అంది. నేను రాసిన రెండు మాటలు ఆమెకి అలా వినపడ్డాయి. ఈ నెల ఆమె ఏమీ ఇవ్వలేదు.

అందుకని మేడమ్‌నీ, తోటి ఎంపిక సభ్యుల్నీ అడిగేది ఇదే. నిబంధనలన్నీ బోర్డు కింద మూలన అంటిద్దాం, ఒక్కొక్కటి ఎందుకో ఒక లైను రాద్దాం. పెట్టని ప్రతి రచనకీ ఒక చీటీ ఇద్దాం: ఏ నిబంధన, ఏం మారిస్తే చాలు. చోటు చాలక ఆగితే చోటు చాలలేదు అనే రాద్దాం, దానికి రూలు పేరు పెట్టొద్దు. ఒప్పుకోనివాళ్లు నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్లొచ్చు అని కూడా రాద్దాం. పదకొండు చీటీలు రాయడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది. నా మధ్యాహ్నం నేనిస్తా.

ఫస్టియర్ చెల్లీ, నువ్వు ఇది చదువుతుంటే, ఆ రెండు పేజీలు నా దగ్గరే భద్రంగా ఉన్నాయి. పెన్సిల్ గీత చెరిపేశా. జన్నల్ జన్నల్‌గానే ఉండనీ. వచ్చే నెల బోర్డు కోసం మళ్లీ ఇస్తావా?