ఇల్లు అమ్మితే చాలదు, పేరూ మారాలి!

ఇల్లంటే మనకి పునాది, గోడ, గుమ్మం. అమెరికాలో ఫ్యాక్టరీలో తయారు చేసి, లారీకి తగిలించి తెచ్చి దింపే ఇళ్ళున్నాయంటే మొదట్లో నేనూ నవ్వాను. టెక్సాస్‌లో ఉన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసి ఏడ్చినప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

కొత్తలో వాళ్ళు అలాంటి ఇంట్లోనే కాపురం పెట్టారు. తర్వాత అమ్మేశారు. తెల్లకాగితం మీద సంతకాలు, చేతికి డబ్బు, కొన్నవాళ్ళకి తాళాలు. అంతే, పనైపోయిందనుకున్నారు. రెండేళ్ళ తర్వాత ఆ ఇంటి పన్ను కట్టమని దాని పేరు మీదే నోటీసు వచ్చింది! "అక్కా, అమ్మేసిన ఇంటికి నేనెందుకు కట్టాలే?" అంటుంది. రికార్డులో యజమాని పేరు ఇంకా దానిదే ఉంది మరి!

మనం పాత స్కూటరు అమ్మి ఆర్‌సీ మార్చకపోతే చలానాలు మనకే వస్తాయి చూడండి, అలాగన్నమాట. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఈ ఇళ్ళకి కారుకున్నట్టే టైటిల్ కాగితం ఉంటుంది. టెక్సాస్‌లో దాన్ని స్టేట్‌మెంట్ ఆఫ్ ఓనర్‌షిప్ అంటారు. అమ్మిన 60 రోజుల్లోగా పేరు మార్పుకి ఆ రాష్ట్ర గృహ శాఖకి దరఖాస్తు పెట్టాలి. పాత పన్ను బాకీ, అప్పు ఉంటే ముందు తీర్చుకోవాలి. ఇంటిని సొంత స్థలంలో స్థిరంగా కట్టుదిట్టం చేసి స్థిరాస్తిగా రాయించుకుంటే అప్పుడు స్థలంతోపాటు దస్తావేజు మీద అమ్మాలి.

ఇంకో గుర్తుంది. 1976 జూన్ 15 నుంచి తయారైన ఈ ఇళ్ళకి దేశమంతటా ఒకటే కేంద్ర ప్రమాణం. ఇంటి ఒక్కో భాగానికీ బయట ఒక్కో ఎర్రటి రేకు బిళ్ళ కొడతారు. లోపల వంటింటి అలమరలోనో, కరెంటు బోర్డు దగ్గరో వివరాల కాగితం అంటిస్తారు. రంగులు వేసేటప్పుడు వాటిని పీకేయకూడదు. బిళ్ళ ఊడిపోతే కొత్తది ఇవ్వరు, నంబరు సరిచూసి ఉత్తరం మాత్రం ఇస్తారు.

ఇప్పుడు అందరూ ముచ్చటపడే టైనీ హోమ్ సంగతీ చెప్తాను. 2018 నాటి నమూనా కోడ్‌లో అటక కాకుండా 400 చదరపు అడుగులు మించని ఇంటినే అలా అన్నారు. చక్రాల మీద ఉంటే చాలాచోట్ల బండి కిందే లెక్క. అందులో ఏడాది పొడుగునా కాపురం ఉండనివ్వని ఊళ్ళూ ఉన్నాయి. అమ్మేవాళ్ళు ఆ సంగతి దాచకూడదు, కొనేవాళ్ళు అడగకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు.

ఆఖరికి మావాళ్ళు కొన్నవాళ్ళని వెతికి పట్టుకుని, పన్ను లెక్క తేల్చుకుని, కలిసి దరఖాస్తు పెట్టుకున్నారు. మీ పిల్లలో, తోడబుట్టినవాళ్ళో అక్కడుంటే ఈసారి ఫోన్‌లో కూర ఏం వండావని అడిగాక ఈ ముక్క కూడా చెప్పండి. డబ్బు చేతిలో పడితే సగం అమ్మినట్టు. పేరు మారితేనే పూర్తిగా అమ్మినట్టు!