'ఆయ్' అంటే ఒప్పుకున్నట్టా?

నష్టపరిహారం అనే మాట మా పేటలో మొదటిసారి 1994లో విన్నాం. మాకొచ్చేది కాదు, మేం కట్టాల్సింది. భూమి పోగొట్టుకున్నవాడు కట్టాలి, తిన్నవాడు పుచ్చుకోవాలి. 38 వేలు, దాని మీద వడ్డీ, పైన కోర్టు ఖర్చులు. ఆ డబ్బు మా ఇంట్లో ఏ తరంలోనూ ఎవరూ చూళ్ళేదు.

గోదారి లంకలో మా నాన్నకి 1976లో డి-ఫారం పట్టా ఇచ్చారు. 60 సెంట్లు, మా లెక్కలో ఆరు కుంచాలు. రెల్లు దుబ్బులు పీకి, ఇసక మేటలు తట్టలకెత్తి పోసి దాన్ని చేను చేసింది మా అమ్మా నాన్నా. ఓ వానాకాలం గింజల్లేక కామందు దగ్గర రెండు బస్తాల ధాన్యం నాముకి తెచ్చారు. ఖాళీ కాగితం మీద వేలిముద్ర ఏయించుకున్నాడు. ఆ కాగితం కొన్నేళ్ళకి అమ్మకం అగ్రిమెంటై లేచి కూచుంది. మా చేలో మేం అరటి గెలలు కోసుకుంటే దౌర్జన్యంగా పంట ఎత్తుకుపోయామని దావా పడింది.

బోనులో మా నాన్న నిలబడ్డం నేను చూశాను. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఈ కాగితం తెలుసు కదా?"

"ఆయ్."

"వేలిముద్ర నీదే కదా?"

"ఆయ్."

"పొలం అప్పగించేశావు కదా?"

"ఆయ్, అదేటంటేనండీ..."

"చాలు, దిగు."

కోనసీమలో పుట్టినవాడికి ఎవడికైనా తెలుసు, ఆయ్ అంటే వింటున్నానండీ అని. పెద్దోళ్ళు మాటాడుతుంటే మధ్యలో ఆయ్ అనకపోతే పొగరు అంటారు. తరతరాలుగా మా నోట ఆ మాట పలికించింది వాళ్ళే. దాన్నే కోర్టులో 'నిజమే' అని ఇంగ్లీషులో రాసుకున్నారు. అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. మా నాన్న మాట మాత్రం మా నాన్నకి రాని భాషలో నమోదయింది. తీర్పులో 'ప్రతివాది స్వయంగా అంగీకరించాడు' అని చదివినప్పుడు నాకు కళ్ళు మండాయి.

నిజానికి ఆ అగ్రిమెంటు చూడగానే చించి పారెయ్యాల్సింది. అసైన్డ్ భూముల చట్టం, 1977లో 9వ చట్టం, మూడో సెక్షన్ అప్పట్లో ఏం చెప్పేది? భూమిలేని పేదకిచ్చిన భూమి అమ్మినా కొన్నా చెల్లదు, కొన్నవాడికి హక్కు రాదు. మా ప్లీడరు ఈ మాట ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో ఆయనకీ కామందుకీ తెలియాలి.

ఇప్పుడు మా అన్నల సంగతి. అప్పీలు చేస్తానంటే సంఘంలో నవ్వారు. "కోర్టులు వాళ్ళవి, అక్కడ నీకేం దొరుకుద్ది? జెండా పాతుదాం పద" అన్నారు. జెండా పాతేవాడు సాయంత్రానికి బస్సెక్కి వెళ్తాడు. అమీను వచ్చేది మా గుమ్మంలోకి. కోర్టు వాళ్ళదని వదిలేస్తే ఆ తీర్పే శాశ్వతం. వదిలెయ్యమని చెప్పడం కూడా కామందుకి సాయమే. ఈ మాట అన్నానని నన్ను కొన్నాళ్ళు మీటింగులకి పిలవలేదు.

చదువుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. మొదటి అప్పీలులోనే సాక్ష్యం మళ్ళీ తూకం వేస్తారు. హైకోర్టులో రెండో అప్పీలుకి ముఖ్యమైన న్యాయప్రశ్న ఉండాలి. మా నాన్న 'ఆయ్'కి అర్థం చెప్పుకోడానికి మాకున్నది ఆ ఒక్క మెట్టు. జిల్లా కోర్టుకి గడువు 30 రోజులు. తీర్పు నకలు తీసుకోడానికి పట్టిన రోజులు అందులోంచి మినహాయిస్తారు. అందుకని నకలుకి ఆ రోజే దరఖాస్తు పెట్టాలి. నేను నాలుగు రోజులు ఏడుస్తూ కూచుని పోగొట్టుకున్నాను.

ఎస్సీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలనే చట్టం 1987లో చేశారు. అమల్లోకి తెచ్చింది 1995 నవంబరు 9న. మా అప్పీలు నాటికి అది కాగితమే. కోర్టు ఫీజుకి పాడి గేదెని అమ్మాం. డబ్బు డిక్రీ మీద ఊరికే స్టే ఇవ్వరు, సగం డిపాజిట్ చెయ్యమన్నారు. అమ్మ చెవులకున్నవి పోయాయి, పేటంతా తలా కొంత వేసింది. ఈలోగా ఇల్లు జప్తు చేస్తామని ఒకడొచ్చాడు. కూలోడు కాపురముంటున్న ఇంటిని జప్తు చెయ్యకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో ఉంది. అది చదివి వినిపిస్తే సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

1997లో నాన్న పోయాడు. 90 రోజుల్లో వారసుల్ని చేర్చకపోతే అప్పీలు చచ్చిపోతుంది. దినాలు కాగానే, మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకుని, కోటిపల్లి బస్టాండులో దిగి ప్లీడరు దగ్గరికి పరిగెత్తాను. ఏడవడానిక్కూడా వాయిదా కావాలి.

చుండూరులో 1991లో ఎనిమిది మందిని చంపారు. 2007లో శిక్షలు పడితే 2014లో హైకోర్టు కొట్టేసింది. వాళ్ళకి అప్పీలు ఎంత బాగా తెలుసో చూడండి. మనకే దండగ అంటారు.

1999లో మా అప్పీలు గెలిచింది. అమ్మకం చెల్లదన్నారు, నష్టపరిహారం రద్దు చేశారు. కామందు అన్నేళ్ళు తిన్న అరటి గెలలకీ, కొబ్బరికీ మాకు నష్టం ఎంతో ఎవరూ అడగలేదు. అది వేరే దావా వేసుకోవాలట.

కట్టిన డిపాజిట్ వెనక్కి తెచ్చుకోడానికి ఇంకో పిటిషను, ఇంకో ఆరు నెలలు. డబ్బు తీసుకునే రోజు అమ్మని గుమస్తా ఓ కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నాడు. అమ్మ బొటనవేలు పిడికిట్లో దాచుకుంది.

"ముందు ఆ కాగితంలో ఏటుందో చదవరా" అంది నాతో.