‘గుండా’ చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను

సంక్రాంతి సెలవులకి మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. ఇంజనీరింగ్ చదువుతున్న వాళ్ళబ్బాయి, అతని స్నేహితులు నలుగురు టీవీ ముందు చేరి ఒకటే నవ్వు. ‘‘పెద్దమ్మా, నువ్వూ రా! ఇంత చెత్త సినిమా నువ్వు జన్మలో చూసి ఉండవు’’ అన్నాడు వాడు. అది 1998లో వచ్చిన హిందీ సినిమా ‘గుండా’. కాంతి షా దర్శకుడు, మిథున్ చక్రవర్తి హీరో. వచ్చినప్పుడు పట్టించుకోని ఈ సినిమాని తర్వాతి సంవత్సరాల్లో కాలేజీ హాస్టళ్ళ కుర్రాళ్ళు నెత్తికెత్తుకున్నారు. బాగుందని కాదు, ఘోరంగా ఉందని.

నేనూ నవ్వానని ముందే ఒప్పుకుంటాను. ప్రతి రౌడీ తెరమీదకొచ్చి, తన పేరుకి ప్రాస కలిపి తనని తానే పరిచయం చేసుకుంటాడు. హీరో ఒక కూలీ. అయినా చివరి పోరాటానికి అతని చేతిలో రాకెట్ లాంచర్ ఉంటుంది. ‘అంకుశం’ (1989)లో మనల్ని నిజంగా భయపెట్టిన రామిరెడ్డి ఇందులో ఒక రౌడీ. తీసినవాళ్ళు మాత్రం ఎక్కడా నవ్వరు. అంతా గంభీరంగానే తీశారు. మనకి నవ్వు వచ్చేది అందుకే.

ఈ నవ్వులో మంచి కూడా ఉందని నా అభిప్రాయం. డబ్బు పెట్టి తీసిన సినిమా తన మూసని సంగీతంతో, కెమెరాతో కప్పుకుంటుంది. చవక సినిమాకి ఆ స్తోమత లేదు. కుట్లన్నీ పైకే కనిపిస్తాయి. మన తెలుగులో ‘పల్నాటి బ్రహ్మనాయుడు’ (2003) సంగతే చూడండి. హీరో తొడ కొడితే రైలు వెనక్కి పోతుంది. ఆ ముక్కని జనం ఇప్పటికీ మళ్ళీ మళ్ళీ వేసుకుని నవ్వుతున్నారు. మీసం, తొడ, గొంతు, వీటి మీద కట్టిన మగతనం ఎంత డొల్లదో చెప్పడానికి మనం ఎన్ని వ్యాసాలు రాశామో! ఆ రైలు ఒక్క నిమిషంలో చెప్పేసింది. ఆ నవ్వుతో నాకు పేచీ లేదు.

పేచీ మున్ని దగ్గర వచ్చింది.

మున్ని ‘గుండా’లో విలన్ బుల్లా చెల్లెలు. అతని మీద పగతో శత్రువు ఆమెపై అత్యాచారం చేసి చంపేస్తాడు. శవం ముందు బుల్లా ఏడుస్తాడు. ఏడుస్తూ కూడా ప్రాసే. చంపినవాడి పేరుతో, ఆమెకి జరిగిన దానితో కలిపి ప్రాస. సినిమా మొత్తంలో పిల్లలకి కంఠతా వచ్చిన చోటు ఇదే. తెర మీద బుల్లా నోరు తెరవకముందే గదిలో ఐదు గొంతులు ఒకేసారి అందుకున్నాయి. పద్నాలుగేళ్ళ మా చెల్లెలి కూతురు అప్పటిదాకా నా పక్కనే కూర్చుని ఉంది. ఎప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళిందో నేను కూడా చూడలేదు.

తర్వాత హీరో చెల్లెలికీ అదే గతి. ఇక్కడ ఒక విషయం గమనించండి. విలన్ చెల్లెలైనా, హీరో చెల్లెలైనా ఒక్కటే పని చెయ్యాలి. చచ్చిపోయి, మగవాళ్ళకి కొట్టుకోవడానికి ఒక కారణం ఇచ్చి వెళ్ళాలి. ‘మానభంగం’ అనే మాట మన పత్రికల్లో చాలాకాలం చలామణీ అయింది. భంగపడేది ఎవరి మానం అని ఈ సినిమాని అడిగితే, ‘అన్నది’ అంటుంది. ఇదేదో ‘గుండా’ ఒక్కదాని పాపం కాదు. పెద్ద బానర్ల సినిమాలు ఎన్నో ఇదే కథతో మనచేత కన్నీళ్ళు పెట్టించాయి.

సెన్సారు ఏం చేస్తోందని అడగొచ్చు. సినిమాల సర్టిఫికేషన్ మీద కేంద్ర ప్రభుత్వం 1991లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ విషయం ఉంది. స్త్రీలపై లైంగిక హింస చూపే దృశ్యాలు ఉండకూడదు, కథకు అవసరమైతే వీలైనంత తగ్గించాలి, వివరంగా చూపకూడదు. ‘కథకు అవసరమైతే’! మున్ని చావకపోతే ‘గుండా’ కథ నడవదు కదా. అత్యాచారమే ఇరుసుగా కథ అల్లుకున్నవాడికి ఈ షరతు ఎప్పుడూ అడ్డం రాదు. నేను నిషేధం అడగడం లేదు. కత్తిరించినంత మాత్రాన ఇరుసు మారదు.

భోజనాల దగ్గర ఈ మాటే అన్నాను. మా వాడికి కోపం వచ్చింది. ‘‘మేం నవ్వేది సినిమాని చూసి పెద్దమ్మా, ఆ అమ్మాయికి జరిగినదాన్ని చూసి కాదు.’’ వాడు అబద్ధం ఆడడం లేదు. కాని రెండు నవ్వులూ ఒకే నోట్లోంచి వస్తుంటే, వంటింట్లో కూర్చున్న పిల్లకి తేడా ఎలా తెలుస్తుంది? ‘చెత్త సినిమా’ అని ముద్ర వేశాక ఇక అందులో దేనికీ మనం జవాబుదారీ కాదన్నట్టు ఉంది ఈ ఏర్పాటు. (ఇంకొకటి కూడా ఉంది. ఇలాంటి సినిమాలకి టికెట్టు కొనుక్కుని వెళ్ళిన పేద ప్రేక్షకుల్ని చూసి కూడా మన చదువుకున్న పిల్లలు నవ్వుతున్నారేమో అని నా అనుమానం. దాని గురించి ఇంకెప్పుడైనా రాస్తాను.)

చెత్త సినిమాల మీద నాకు విరోధం లేదని చెప్పడానికి ‘రౌడీ రాణి’ సంగతి ఎత్తాను. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ తీశారు, విజయలలిత నాయిక. తన వాళ్ళని చంపినవాళ్ళ మీద ఆ అమ్మాయే పగ తీర్చుకుంటుంది. ఆ ఫైటింగులు ఇప్పుడు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వుకోవచ్చు. కథ నడవడానికి ఆమె చావనక్కర్లేదు. తుపాకీ ఆమె చేతిలోనే ఉంది, చివరి రీలు దాకా బతికే ఉంటుంది. ‘‘అది కూడా పెట్టుకుని చూద్దాంలే’’ అన్నాడు మావాడు, కొంచెం చల్లబడి.

వాడికి ‘గుండా’ రౌడీలందరూ పేరుపేరునా తెలుసు. ఎవరి ప్రాస ఏదో కూడా తెలుసు. ‘‘ఆ ఇద్దరు చెల్లెళ్ళ వేషాలు వేసిన అమ్మాయిల పేర్లేమిట్రా?’’ అని అడిగాను. ఐదుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వంటింట్లోంచి వచ్చిన చిన్నది మజ్జిగ గిన్నె బల్ల మీద పెట్టి, వాళ్ళు ఏం చెబుతారా అని అక్కడే నిలబడింది.