చీకటి కూడా అమానతే



గల్ఫ్‌లో ఉన్న మన ఖాన్‌దాన్‌లలో ఈమధ్య ఒక తస్వీర్ తెగ తిరుగుతోంది. కింద ఇసుక దిబ్బలు, పైన ఊదారంగు పాలపుంత, మధ్యలో ఆకాశానికేసి టార్చ్ కొడుతూ ఒక మనిషి. మాషా అల్లాహ్, చాలా ఖూబ్‌సూరత్‌గా ఉంటుంది. సఫర్‌లో కెమెరా, ట్రైపాడ్ మోసుకెళ్లే షౌక్ నాకూ ఉంది కాబట్టి ఆ తస్వీర్ వెనకున్న మెహనత్ తెలుసు. అయినా ఒక మాట చెప్పక తప్పదు. రేగిస్తాన్ మనకిచ్చే అసలు దౌలత్ తస్వీర్ కాదు, చీకటి. తస్వీర్ కోసం వెళ్లేవాళ్లే దాన్ని ఖరాబ్ చేస్తున్నారు.

అబుదాబి ఎమిరేట్‌లో అల్ క్వా అనే చోటు ఉంది. పెద్ద షహర్ల లైట్లకు దూరం కావడంతో పాలపుంత చూడటానికి అది మష్‌హూర్ అయింది. అక్కడ నౌకరీ చేసే మా మామూ కొడుకు ఎండాకాలంలో ఒక సెలవు రాత్రి మమ్మల్ని తీసుకెళ్లాడు. పది నిమిషాలకొక బండి వస్తుంది. హెడ్‌లైట్లు ఆర్పరు. దిగగానే ఫోన్ల టార్చ్‌లు. నాలుగు సెల్ఫీలు, ఒక వీడియో, మళ్లీ హెడ్‌లైట్లు, వాపస్. వాళ్లలో చాలామంది తలెత్తి చూసింది రెండు నిమిషాలు కూడా ఉండదు. పక్కనే పరదా పరుచుకుని కూర్చున్న పిల్లలకు మాత్రం ప్రతి బండితోనూ ఆస్మాన్ మాయమవుతూనే ఉంది.

ఎందుకంటే మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్క తెల్లలైటు పడితే ఆ సబర్ అంతా ఒక్క క్షణంలో బేకార్. మళ్లీ మొదటినుంచి మొదలు. మసక ఎర్రలైటుకు అంత నష్టం ఉండదు. టార్చ్ అద్దానికి ఎర్ర గాజు కాగితం కట్టుకుంటే ఇసుకలో తేలూ కనిపిస్తుంది, పక్కవాళ్ల రాత్రీ పాడవదు.

ఇంకో గలత్‌ఫహమీ కూడా ఉంది. ఫోన్లో చూసిన ఊదా, గులాబీ రంగులు అక్కడ కళ్లకు కనిపిస్తాయని పిల్లలు ఆశపడతారు. కనిపించవు. 20 మిల్లీమీటర్ల లెన్సుతో కెమెరా 20, 25 సెకన్ల దాకా కళ్లు తెరుచుకుని వెలుగును పోగేసుకుంటుంది. అంతకు మించితే భూమి తిరుగుడుకు సితారాలు చుక్కలుగా కాక గీతలుగా పడతాయి. మన కన్ను అలా వెలుగును కూడబెట్టలేదు. అందుకే పాలపుంత మనకు బూడిదరంగు పొగలా, సన్నటి మబ్బులా కనిపిస్తుంది. ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్తే పిల్లలు "ఇంతేనా అబ్బా?" అనరు. కెమెరా పట్టుకున్న వెలుగును ఎడిటింగ్‌లో పైకి తీయడం నా దృష్టిలో జాయిజే. ఎక్కడిదో ఆస్మాన్ తెచ్చి ఇంకెక్కడి ఇసుక మీదో అతికించి "నిన్న మేం చూసింది" అనడం మాత్రం ధోకా.

అసలు ఆ సితారాల పేర్లు ఎక్కడివి? జూన్, జూలై రాత్రుల్లో పాలపుంత చుట్టూ మూడు పెద్ద చుక్కలు త్రిభుజంలా మెరుస్తాయి: వేగా, ఆల్టెయిర్, డెనెబ్. ఇంగ్లీషులా వినిపించినా మూడూ అరబీ మాటలే. వేగా అంటే 'అన్నస్ర్ అల్ వాఖి', కిందికి దిగే గద్ద. ఆల్టెయిర్ 'అన్నస్ర్ అత్తాయిర్', ఎగిరే గద్ద. డెనెబ్ అంటే 'జనబ్', తోక. ఇక్కడ మన పెద్దలు వేగాను అభిజిత్తు అన్నారు, ఆల్టెయిర్‌ను శ్రవణం అన్నారు. అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ 964 ప్రాంతంలో సితారాల మీద రాసిన కితాబులో ఒక 'చిన్న మబ్బు' గురించి చెప్పాడు. అది 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ. దూరదర్శిని పుట్టడానికి ఆరు వందల ఏళ్ల ముందు, ఉత్త కంటితో! కెమెరా లేకపోయినా ఆయనకు చీకటి ఉంది. మన పిల్లల చేతుల్లో కెమెరా ఉంది, చీకటే లేదు.

చీకటిని కాపాడటం సాధ్యమే. మదీనాకు ఉత్తరాన సుమారు 300 కిలోమీటర్ల దూరంలో అల్ ఉలా ఉంది. అక్కడి మనారా, గరామీల్ ఇలాఖాలకు 2024లో అంతర్జాతీయ డార్క్ స్కై గుర్తింపు వచ్చింది. మన దేశంలో లద్దాఖ్ చలి ఎడారిలోని హన్లేను 2022లో డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. లైట్లకు అక్కడ హద్దులున్నాయి.

"వీసా మీద వచ్చినవాళ్లం, కడపలో ఉన్న అమ్మీకి చూపించడానికి ఒక తస్వీర్ అయినా వద్దా?" అని మీరు అడగొచ్చు. తప్పకుండా తీయండి. ఊళ్లో ఉన్నవాళ్లకు అదే తోఫా. నేను అడిగేది తర్తీబ్ మాత్రమే. ముందు బండి లైట్లు, ఫోన్లు ఆపి అరగంట కూర్చోండి. పిల్లలకు ఆ మూడు పేర్లు చెప్పండి. ఆ తర్వాత తస్వీర్.

ఏ రోజు వెళ్లాలో చెప్పడానికి యాప్ కూడా అక్కర్లేదు. ఇంట్లో గోడకున్న హిజ్రీ క్యాలెండర్ చాలు. చాంద్ 27వ తారీఖు నుంచి వచ్చే నెల 3వ తారీఖు దాకా రాత్రి చాలాభాగం చాంద్ ఉండదు. 14న వెళ్తే ఇసుక వెండిలా మెరుస్తుంది గానీ పాలపుంత దొరకదు. ఒంటరిగా వెళ్లకండి. నీళ్లు ఎక్కువ పెట్టుకోండి. మెత్తటి ఇసుకలోకి బండి దించకండి.

మన తర్వాత ఇంకో బండి వస్తుంది, అందులోనూ పిల్లలుంటారు. చీకటి మన చేతిలో ఉన్న వాళ్ల అమానత్. తాకకుండా అప్పజెప్పి వద్దాం.