పేరు రాయలేదు కదా, అంటారు

‘పేరు రాయలేదు కదా, ఇంకేం గోప్యత కావాలి?’ అని అడుగుతారు. ఆరోగ్య శాఖ వాళ్లూ అడుగుతారు, విలేకరులూ అడుగుతారు. హెచ్ఐవీ మీద వార్త ఒకటి వస్తుంది. ఫలానా మండలం, ఫలానా తండా, ఇరవై ఎనిమిదేళ్ల గిరిజన మహిళ, భర్త రెండేళ్ల కిందట పోయాడు, ఇద్దరు పిల్లలు. పేరు మాత్రం ఉండదు. అరవై గడపల తండాలో ఆ వివరాలకు సరిపోయే మనిషి ఒక్కతే. పత్రిక టీకొట్టు దాకా వచ్చేసరికి ఆమె ఎవరో అందరికీ తెలిసిపోతుంది. మర్నాడు మిరపకోతకు పోయే ఆటోలో ఆమెకు చోటుండదు.

గుంటూరు మిర్చి యార్డుకు సీజన్‌లో రోజుకు ఎన్నెన్ని టిక్కీలు దిగుతాయో మనకు తెలుసు. వాటిలో ఒకదాని మీద రైతు పేరు చెరిపేస్తే అది ఎవరిదో కనిపెట్టడం కష్టం. అదే ఒకడి కళ్లంలో ఒకే ఒక్క టిక్కీ ఉంటే పేరు చెరిపి ఏం లాభం? పేరు తీసేస్తే మనిషి పట్నంలో దాగుతాడు. తండాలో, యానాది కాలనీలో, నల్లమల అంచున చెంచు గూడెంలో దాగడు.

ఇది నా సొంత వాదం కాదు, చట్టంలో ఉన్న మాటే. హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. నమ్మకం మీద తెలిసిన హెచ్ఐవీ సంగతిని ఆ మనిషి రాతపూర్వక సమ్మతి లేకుండా బయట పెట్టకూడదని 8వ సెక్షన్ చెబుతుంది. గణాంకాలకు మినహాయింపు ఉంది. అయితే ఆ గణాంకం వల్ల మనిషిని గుర్తుపట్టే అవకాశం ఉండకూడదు. గమనించండి, చట్టం అడిగేది పేరు రాశారా లేదా అని కాదు, గుర్తుపట్టగలరా లేదా అని. మన ఊళ్ల విషయంలో ఈ తేడాను ఎవరూ పట్టించుకోవడం లేదు.

రెండేళ్ల కిందట ఒక మండల సమావేశంలో కూర్చున్నాను. పంచాయతీ సిబ్బంది, అంగన్‌వాడీ కార్యకర్తలు, మాలాంటి టీచర్లు, అందరం నలభై మందిమి. ఒక అధికారి కాగితం తీసి ఊరివారీగా చదివారు, ఏ ఊళ్లో ఎన్ని కేసులు, అందులో ఎస్టీలు ఎందరు అని. ‘ఫలానా తండా, ఒకటి’ అన్నారు. నా పక్కన కూర్చున్న ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ‘ఒకటి’ ఎవరో వాళ్లకు అప్పుడే అర్థమైంది. దాన్ని ఆ అధికారి నివేదిక అన్నారు. నేను చాటింపు అంటాను.

లెక్కలే వద్దని నేననడం లేదు. మన రాష్ట్రంలో హెచ్ఐవీ దేశ సగటు కంటే చాలా ఎక్కువ, లెక్క లేకపోతే మందులు రావు. అయితే లెక్క ఎక్కడ తీశారు, ఎవరి మీద తీశారు అన్నది కూడా చూడాలి. దీనికి సాక్ష్యం గుంటూరు జిల్లాలోనే ఉంది. 2004-05లో లలిత్ దండోనా బృందం ఈ జిల్లా పల్లెల్లో, పట్నాల్లో 12,000 మందికి పైగా జనాన్ని కలిసి రక్తపు చుక్కలు సేకరించి పరీక్షించింది. 15-49 ఏళ్ల వారిలో హెచ్ఐవీ 1.72 శాతం అని 2006లో ప్రచురించింది. ప్రభుత్వ పద్ధతిలో అంచనా వేస్తే అంతకు రెండు రెట్లకు పైగా వచ్చేది. తేడా ఎందుకు? ప్రభుత్వం లెక్క తీసింది పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో. అక్కడికి వచ్చేది ఎక్కువగా పేదలు. అనుమానం ఉన్నవాళ్లను ప్రైవేటు డాక్టర్లు కూడా అక్కడికే పంపేవారు. 2007లో దేశం మొత్తం అంచనా 50 లక్షల పైనుంచి సుమారు 25 లక్షలకు దిగింది. ఆ దిద్దుబాటుకు దారితీసిన వాటిలో గుంటూరు లెక్క ఒకటి.

ఇందులో మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. డబ్బున్నవాడు ప్రైవేటుకు పోతాడు, వాడి సంగతి ఏ మండల సమావేశంలోనూ చదవరు. సర్కారు దవాఖానా తప్ప వేరే దిక్కులేని వాళ్లం మనం. కనుక కాగితాల్లో మనమే కనిపిస్తాం. తర్వాత ఆ కాగితాలు చూపించి ‘తండాల్లో జబ్బు ఎక్కువ’ అంటారు. నేరస్థ జాతులని పేరు పెట్టి ఎరుకలనూ యానాదులనూ పోలీసు రిజిస్టర్లకు ఎక్కించిన తెల్లదొరల చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటింది. రిజిస్టరు అంటే మనకు భయం ఊరికే రాలేదు.

ఆ భయానికి ఫలితం ఏమిటి? పరీక్షకు రారు. వచ్చినవాళ్లు దగ్గరి కేంద్రం వదిలేసి, మొహం తెలియని ఊరికి బస్సెక్కి మందులు తెచ్చుకుంటారు. కోతల కాలంలో ఒక రోజు కూలీ పోతుంది, ఒక నెల తప్పుతారు, తర్వాత మానేస్తారు. 2004 నుంచి సర్కారు ఉచితంగా ఇస్తున్న మందు ఇది. క్రమంగా వేసుకుని, రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గితే సంభోగం ద్వారా కూడా అవతలివారికి అంటదు. అలాంటి మందు నోటి దాకా పోకుండా ఆపుతున్నది మనం చేసే ప్రచారమే.

మన పెద్దలు కొందరు అంటారు: ‘ఎవరికి ఉందో తెలిస్తే పిల్లల్ని కాపాడుకుంటాం కదా’ అని. ఎవరి నుంచి కాపాడతారు? తాకితే రాదు, కలిసి తింటే రాదు, ఒకే బెంచీ మీద కూర్చుంటే రాదు. భార్యకో భర్తకో చెప్పాల్సి వస్తే దానికి 9వ సెక్షన్ ఉంది. ఆ పని డాక్టరుది, కౌన్సిలరుది. అందులోనూ, చెబితే ఆడమనిషిని కొడతారనో వెళ్లగొడతారనో సహేతుకమైన భయం ఉన్నచోట ఆమె భాగస్వామికి వాళ్లు కూడా చెప్పకూడదు. కులపెద్దకు ఆ చట్టంలో ఏ పనీ లేదు, హెడ్‌మాస్టరుకూ లేదు.

దాతల సంగతి వేరే చెప్పాలి. హెచ్ఐవీ ఉన్న పిల్లలకు నోటు పుస్తకాలో, పౌష్టికాహారమో ఇచ్చి వరసగా నిలబెట్టి ఫొటో తీస్తారు. కళ్ల మీద నల్ల గీత గీస్తారు. వేసుకున్న యూనిఫాం, వెనక గోడ మీద బడి పేరు, పక్కన మాస్టారు, అన్నీ స్పష్టంగా ఉంటాయి. ఆ నల్ల గీత ఎవరి కోసం? ఆ ఫొటోలో మనం నిలబడకపోతే సగం పని అయిపోతుంది. అట్టపెట్టెలు దింపించుకుని, కెమెరాను గేటు దగ్గరే ఆపవచ్చు.

మనం అడగాల్సింది పెద్ద కోరికేం కాదు. జనం చూసే ఏ కాగితంలోనైనా, చదివే ఏ సమావేశంలోనైనా హెచ్ఐవీ లెక్క జిల్లా దగ్గర ఆగాలి. ఊరు, తెగ, వయసు మూడూ ఒకే వరసలో రాకూడదు. చిన్న అంకెలను విడిగా ప్రచురించకపోవడం చాలా దేశాల ఆరోగ్య శాఖలకు అలవాటే, మన వాళ్లకూ అసాధ్యం కాదు. హాస్టల్ హెల్త్ కార్డులో గానీ టీసీలో గానీ ఈ సంగతి రాయమని ఎవరైనా అంటే, ఆ ఆదేశం కాగితం మీద ఇమ్మనండి. ఆసుపత్రి నుంచి వివరాలు బయటికి పొక్కితే రాష్ట్ర స్థాయి అంబుడ్స్‌మన్‌కు ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు, జబ్బున్న మనిషే రావాలని లేదు. 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలని చట్టంలో ఉంది. ఫిర్యాదు రాసేటప్పుడు మాత్రం ఆ మనిషి సమ్మతి తీసుకోండి, తండా పేరు ఎక్కడ రాస్తున్నారో ఒకటికి రెండుసార్లు చూసుకోండి.