వంకర చెట్టు ఎందుకు మిగిలింది?

సరస్సు ఒడ్డున బండల మధ్య గూని పైన్ చెట్టు ఒంటరిగా నిలబడి ఉంటుంది. టామ్ థామ్సన్ గీసిన ఈ 'జాక్ పైన్' చిత్రాన్ని ఒట్టావాలోని నేషనల్ గ్యాలరీ 1918లోనే కొనేసింది. కెనడా ఉత్తరాది అనగానే అక్కడివాళ్లకు గుర్తొచ్చే బొమ్మల్లో ఇదొకటి. మనిషి చెయ్యి పడని అడవి అంటే ఇదేనని మురిసిపోయేవాళ్లకూ కొదవలేదు. ఆ మురిపెంలో సగం అబద్ధం ఉంది.

ఆ బొమ్మ పుట్టిన ఆల్గాన్‌క్విన్ పార్కు 1893లో ఏర్పడేనాటికే ఆ ప్రాంతంలో గొడ్డళ్లు దశాబ్దాల పాటు ఆడాయి. నిటారుగా ఎదిగిన తెల్ల పైన్ మానులు కలపగా మారి, నదుల్లో తేలుతూ వెళ్లిపోయాయి. టొరంటోలో ప్రకటనల బొమ్మలు వేసి బతికే థామ్సన్ 1912లో తొలిసారి అక్కడికి వెళ్లాడు. 1916లో గ్రాండ్ లేక్ దగ్గర అడవి మంటలను కనిపెట్టే రేంజరుగా పనిచేశాడు. నదిలో దుంగలను తోలే కూలీల వెంట తిరగడం ఆ కొలువులో భాగమే. 'జాక్ పైన్'కు మూలమైన చిన్న స్కెచ్చు చెక్కపలక మీద వేసిందీ అక్కడే.

ఆ చలికాలం టొరంటోలో ఓ పాకలాంటి గదిలో కూర్చుని దాన్ని మీటరుకు పైగా వెడల్పున్న కాన్వాసు మీదికి ఎక్కించాడు. ఆకాశాన్నీ నీటినీ అడ్డంగా, ఇటుకలు పేర్చినట్టు వెడల్పాటి కుంచె గీతలతో నింపాడు. దగ్గరికెళ్లి చూస్తే గీతల సందుల్లోంచి అడుగున పూసిన ఎరుపు తొంగిచూస్తుంది. అదే కాలంలో 'ది డ్రైవ్' అనే మరో పెద్ద చిత్రమూ వేశాడు. అందులో దుంగలున్నాయి, వాటిని ముందుకు తోసే మనుషులున్నారు. లోకం మాత్రం చెట్టును నెత్తిన పెట్టుకుని, దుంగలను మరిచిపోయింది.

ఇక బొమ్మలోని చెట్టు సంగతి. జాక్ పైన్ బక్క నేలలో, ఇసుకలో బతికే చెట్టు. దాని కాయల్లో చాలావాటిని జిగురు మూసేసి ఉంచుతుంది, ఎక్కువగా మంట వేడికే అవి విచ్చుకుంటాయి. జార్జియన్ బే తీరంలోనైతే పడమటి గాలి దెబ్బకు తెల్ల పైన్ కొమ్మలు ఒకే వైపు సాగుతాయి. చిత్రకారులు వార్లీ, లిస్మర్ అక్కడి గాలివానలను గీశారు. థామ్సన్ 1917 జులైలో కెనూ లేక్‌లో శవమై తేలాడు, అప్పటికి 39 ఏళ్లు. 1920లో పుట్టిన చిత్రకారుల బృందం 'గ్రూప్ ఆఫ్ సెవెన్'లో అతని పేరు లేకపోయినా, వాళ్ల దారి మాత్రం అతనిదే. అన్నట్టు, తరతరాలుగా ఆ నేల మీద బతికిన ఆల్గాన్‌క్విన్ ప్రజలు ఈ బొమ్మల్లో దాదాపు కనిపించరు. అడవి ఖాళీగా కనబడటానికి అదీ ఒక కారణం.

దేశానికి రెండో కొసన చిత్రకారిణి ఎమిలీ కార్ చెట్ల నరికివేత విషయంలో దాపరికం పెట్టుకోలేదు. నరికేసిన కొండ మీద, కలపకు పనికిరాదని వదిలేసిన సన్నటి పొడవాటి చెట్టును 1935లో గీసి, ఆ సంగతిని చిత్రం పేరులోనే చెప్పేసింది.

టొరంటో పక్కనున్న బ్రాంప్టన్, మిస్సిసాగా తెలుగువాళ్లకు క్లైన్‌బర్గ్‌లోని మెక్‌మైకల్ గ్యాలరీ కారులో కాసేపటి దూరమే. థామ్సన్ కూర్చుని బొమ్మలు గీసిన పాకను ఇప్పుడు అక్కడే చూడొచ్చు. పిల్లలను తీసుకెళ్లేవాళ్లు 'జాక్ పైన్' పోస్టరు కొనివ్వడంతో సరిపెట్టకూడదు. 'ది డ్రైవ్' నకలునైనా చూపించి, మిగతా చెట్లు ఎటుపోయాయో అడగనివ్వాలి.